బారాటాంగ్ వద్దని ఎందుకన్నానంటే

గత వారం మా చిన్నాన్న కొడుకు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని అండమాన్ వెళ్తున్నారు. ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు. "అక్కా, నువ్వు రెండుసార్లు వెళ్ళొచ్చావు కదా, ఏమైనా మార్చాలంటే చెప్పు" అన్నాడు. మొదటి రోజు కార్బిన్స్ కోవ్ బీచ్, సాయంత్రం సెల్యులార్ జైలు, లైట్ అండ్ సౌండ్ షో. రెండో రోజు రాస్ ఐలాండ్, నార్త్ బే. మూడో రోజు బారాటాంగ్ దీవి: సున్నపురాతి గుహలు, బురద అగ్నిపర్వతం, మడ అడవుల మధ్య స్పీడ్ బోటు. ఆ వరుస చివర చిన్న అక్షరాల్లో "దారిలో జారవా అడవి" అని ఉంది. జారవాలంటే ఆ అడవిలో ఉండే ఆదివాసులు. తర్వాత హేవలాక్, నీల్, తిరుగు విమానం.

పోర్ట్ బ్లెయిర్‌లో ఆ దీవుల తెగల వస్తువులు పెట్టిన ఆంత్రోపాలజికల్ మ్యూజియం మాత్రం ఎక్కడా లేదు. అడిగితే "వాన పడితే అటు తీసుకెళ్తానన్నాడక్కా ఏజెంటు" అన్నాడు.

మూడో రోజు తీసెయ్యమని చెప్పాను. ఎందుకన్నాడు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. "మీరు వెళ్ళారు కదా, మమ్మల్నెందుకు వద్దంటున్నావు" అన్నాడు. వాడు అడిగింది న్యాయమే. మేము వెళ్ళాం. వెళ్ళాం కాబట్టే వద్దంటున్నాను. ఆ సంగతి తీరిగ్గా చెప్పాలని ఇది రాస్తున్నాను.

2009లో ఏం జరిగిందంటే

మొదటిసారి మేము వెళ్ళింది 2009 జనవరిలో, మా ఆయన ఎల్‌టీసీ మీద. అబ్బాయికి తొమ్మిదేళ్ళు, అమ్మాయికి ఆరు. దిగిన రోజు సాయంత్రమే జైలుకి వెళ్ళాం. ఆ జైలు గురించి చిన్నప్పటినుంచీ వింటున్నదే అయినా, పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పున్న గదిలోకి అడుగుపెట్టి వెనక్కి తిరిగి ఆ తలుపు గడియని చూడటం వేరు. గడియ గోడ లోపలికంటా పోయి, చెయ్యి అందనంత దూరంలో పడుతుంది. గానుగ దగ్గర, రోజుకి ముప్ఫై పౌన్ల కొబ్బరినూనె తియ్యకపోతే ఏం చేసేవాళ్ళో చదివాను. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్‌కి బలవంతంగా పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయిన సంగతి చదివాను. తర్వాత చీకట్లో కూర్చుంటే ఆవరణలోని రావిచెట్టు తను చూసిందంతా చెబుతుంది. అదే షో. నేను ఏడ్చాను. మా ఆయన కళ్ళు కూడా తడిగా ఉన్నాయి. ఆ రాత్రి రూముకొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

తెల్లవారుజామున రెండున్నరకి లేచి, నిద్రపోతున్న పిల్లల్ని ఎత్తుకుని బారాటాంగ్ వ్యాన్ ఎక్కాం. మాతో ఇంకో కుటుంబం ఉంది. జారవాల అడవి మొదలయ్యే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే పెద్ద వరుస. టీ, సమోసా, గుడ్డిలైట్ల వెలుగులో ఫారాలు నింపడాలు. అక్కడ పెద్ద బోర్డు ఉంది: బండి ఆపకూడదు, ఫోటోలు తియ్యకూడదు, తినడానికి ఏమీ ఇవ్వకూడదు. ఆరింటికి కాన్వాయ్ కదిలింది. బోర్డు దాటిన పది నిమిషాలకి మా డ్రైవర్, "కుడివైపు చూస్తూ ఉండండి, కనపడతారు" అన్నాడు. అంతే, వ్యాన్‌లో అందరం కుడివైపు కిటికీల దగ్గరికి జరిగాం. నేను అమ్మాయిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కిటికీ అద్దం తుడిచాను.

అరగంట తర్వాత కనపడ్డారు. ఒక ఆవిడ, ఒక కుర్రాడు. ఆవిడ నడుముకి ఎర్రదారాల కుచ్చు, ముఖం మీద తెల్లమట్టితో గీసిన గీతలు. డ్రైవర్ ఆపలేదు గాని బాగా స్లో చేశాడు. వెనక సీటాయన నా వైపు చెయ్యి చాపి "ఏమైనా ఉందా మేడమ్" అని అడిగాడు. నా సంచిలో పిల్లల కోసం తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ ఉంది. తీసి ఇచ్చాను. ఆయన కిటికీలోంచి విసిరాడు.

అది రోడ్డు అంచున గడ్డిలో పడింది. ఆవిడ దానివైపు చూడలేదు. మా వైపే చూసింది. కోపం అనలేను, నవ్వు అంతకన్నా కాదు. వెళ్తున్న బండిని ఎలా చూస్తామో అలా చూసింది. కుర్రాడు వంగి తీసుకున్నాడు.

విసిరింది నేను కాదని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ ప్యాకెట్ నాది. బోర్డు చదివింది నేను. అంతకు పన్నెండు గంటల ముందు, మనుషుల్ని మనుషులుగా చూడని దొరల మీద కోపంతో ఏడ్చిందీ నేనే.

గుహల దగ్గరికి వెళ్ళాం. బాగున్నాయి. ఇప్పుడు వాటి గురించి ఒక్క వాక్యం కూడా గుర్తు తెచ్చుకుని రాయలేను.

పదేళ్ళ తర్వాత, అమ్మతో

రెండోసారి 2019 డిసెంబర్లో అమ్మని తీసుకెళ్ళాను. జైలు చూడాలని ఆవిడ కోరిక. డెబ్భై దాటాయి, మోకాళ్ళ నొప్పులు. రెండింటికి లేచి వ్యాన్లో కుదుపుల మధ్య కూర్చోవడం ఆవిడ వల్ల కాదు కాబట్టి బారాటాంగ్ మాటే రాలేదు. అంటే ఆసారి మానేసింది నా గొప్పదనం కాదు. ఏం చూడాలన్నా అమ్మ నడక వేగంతోనే చూడాల్సి వచ్చింది. నాకు అదే మేలు చేసింది.

రాస్ ఐలాండ్ పడవలు బయల్దేరే చోట వాటర్ స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. మొదటిసారి అక్కడ టికెట్ల కోసం పరిగెత్తిందే గుర్తు. ఈసారి అమ్మ ఎక్కడ కూర్చుందామా అని చూస్తూ ఒక స్మారక స్తంభం దగ్గర ఆగింది. "ఎవరిదే ఇది?" అని అడిగింది. చదివి చెప్పాను. 1859 మే 17న ఇక్కడే, అబెర్డీన్ అనే చోట, ఈ దీవుల ఆదివాసులైన అండమానీయులు విల్లంబులతో బ్రిటిష్ వాళ్ళ మీదికి వచ్చారు. అవతల తుపాకులున్నాయి. ఎంతమంది పోయారో లెక్కలేదు.

ఆ యుద్ధం సంగతి తర్వాత ఇంకా చదివాను. 1858 మార్చిలో మొదటి 200 మంది ఖైదీలతో ఓడ వచ్చింది. అడవి నరకడం మొదలైంది. ఖైదీల్లో దూధ్‌నాథ్ తివారీ అనే అతను పారిపోయి అడవిలో చిక్కుకుంటే అండమానీయులు మొదట బాణాలు వేసినా తర్వాత దగ్గరికి తీశారు. వాళ్ళలోనే పెళ్ళి చేసుకుని ఏడాది ఉన్నాడు. దాడి జరగబోతోందని ముందుగా వచ్చి దొరలకి చెప్పింది అతనే. క్షమాభిక్ష దొరికింది. అడవి వాళ్ళకి దక్కింది ఆ స్తంభం.

ఇంకో సంగతి నన్ను బాగా పట్టేసింది. 1859 ఏప్రిల్లో, అంటే ఆ యుద్ధానికి ముందు నెల జరిగిన దాడుల్లో, కాళ్ళకి సంకెళ్ళున్న ఖైదీల జోలికి అండమానీయులు పోలేదట. వాళ్ళ మీద పెత్తనం చేసేవాళ్ళనే వెతికి కొట్టారని బ్రిటిష్ వాళ్ళే రాసుకున్నారు. ఎవరు ఎవరి కింద ఉన్నారో, భాష తెలియని మనుషులు చూసి పోల్చుకున్నారు.

రంప తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్ళని కూడా ఈ దీవులకే పంపారు. అడవి మీద హక్కు కోసం, పోడు కోసం లేచిన మన మన్యం మనుషులు. జైల్లో వాళ్ళని తలుచుకుని దండం పెడతాం. అదే పని, అదే కారణానికి, ఈ గడ్డ మీద అంతకు ముందే చేసినవాళ్ళ స్తంభాన్ని పడవ టికెట్ల వరుసలో నిలబడి చూడకుండా దాటిపోతాం. నేనూ 2009లో దాటిపోయాను.

అద్దాల పెట్టె ముందు

మర్నాడు ఆంత్రోపాలజికల్ మ్యూజియానికి వెళ్ళాం. ఊరి మధ్యలోనే, ఆటోలో పది నిమిషాలు. మేము వెళ్ళినప్పుడు లోపల పట్టుమని పదిమంది లేరు. ఫోటోలు తియ్యనివ్వలేదు. నాకు అది మొదట చిరాకనిపించింది. తర్వాత అర్థమైంది, ఫోన్ సంచిలో ఉంటే కళ్ళకి పని ఉంటుంది.

జారవాల గదిలో ఒక బెరడు పట్టీ దగ్గర ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. మగవాళ్ళు ఛాతీ చుట్టూ కట్టుకునేది. చెట్టు బెరడుని వెడల్పుగా ఒలిచి, పైన గరుకంతా గీసేసి, ఒంటికి ఒత్తుకోకుండా ఉండేలా వంచారు. దాని మీద సన్నటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా చెయ్యి తొణకలేదు. బాణం తగలకుండా కాపాడుకోవడానికి అంత నగిషీ అక్కర్లేదు. చేసినవాడికి అది అందంగా ఉండాలని ఉంది. పక్కన బాణాలు. మొనలు ఇనుపవి. ఈ దీవుల వాళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల శిథిలాల్లోంచి ఇనుము ఏరుకుని, సాగగొట్టి మొనలు చేసుకునేవాళ్ళు. ఇవి చూశాక, "రాతియుగం మనుషులు" అని టూర్ వాళ్ళు చెప్పే మాట నోటికి రాదు.

అమ్మ మాత్రం బుట్టల దగ్గర ఆగింది. ఆవిడ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో మేదర్లు తట్టలు అల్లుతుంటే గంటలు గంటలు చూసేదట. "అడుగు చూడవే, మనవాళ్ళు ఇలా మొదలుపెట్టరు, వేరేగా ఎత్తుకున్నారు" అని చూపుడువేలితో గాల్లోనే పేడులు తిప్పి చూపించింది. వీపున మోసుకోవడానికి నుదుటికి తగిలించే పట్టీ ఎక్కడ ముడిపడిందో, బరువు ఎటు పడుతుందో చెప్పింది. జారవాల గురించి నాకు తెలిసిన మొదటి అసలైన సంగతి ఆవిడ చెప్పినదే అనిపిస్తుంది నాకు. వాళ్ళకి చేతుల్లో పని ఉంది, ఆ పనికి ఒక పద్ధతి ఉంది. వ్యాన్ కిటికీలోంచి అది కనపడదు. అక్కడ కనపడేది ఒళ్ళు మాత్రమే.

జారవా అన్నది కూడా వాళ్ళు పెట్టుకున్న పేరు కాదు. పొరుగు తెగవాళ్ళు "పరాయివాళ్ళు" అనే అర్థంలో అన్న మాట. తమని తాము వాళ్ళు ఆంగ్ అనుకుంటారు, మనుషులని. పదేళ్ళ క్రితం ఆ సంగతి తెలిసి ఉంటే ప్యాకెట్ తీసేదాన్ని కాదని ఒట్టు పెట్టి చెప్పలేను. కనీసం కొంచెం ఆలోచించేదాన్నేమో.

మ్యూజియం మీదా నాకు అనుమానాలున్నాయి

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మనుషుల్ని అద్దాల పెట్టెల్లో పెట్టడం కూడా చూపించడమే. ఆ బుట్టలూ బాణాలూ ఎవరు ఏ పరిస్థితుల్లో తెచ్చారో ప్రతిదాని కిందా రాసి ఉండదు. 1880లో బ్రిటిష్ అధికారి పోర్ట్‌మన్ నార్త్ సెంటినెల్ దీవి నుంచి ఒక ముసలి జంటనీ నలుగురు పిల్లల్నీ పట్టి తెచ్చాడు. ముసలివాళ్ళిద్దరూ జబ్బు చేసి చనిపోయారు. పిల్లల్ని బహుమతులిచ్చి వెనక్కి దింపేశారు. అండమానీయుల ఫోటోలు కుప్పలుగా తీసి, కొలతలు రాసుకున్నది కూడా ఆయనే. ఈరోజు చరిత్ర కోసం అందరూ వాడేది ఆయన రాసిందీ, తీసిందీ. అలాంటి చూపు నుంచి పుట్టినదే మ్యూజియం అంటే, కాదని ఎలా అంటాను?

రెవరెండ్ కార్బిన్ సంగతీ అంతే. 1863లో రాస్ ఐలాండ్ మీద "అండమాన్ హోమ్" పెట్టి, అడవివాళ్ళని తెచ్చి ఉంచి, బట్టలు తొడిగి, ఇంగ్లిష్ నేర్పించాడు. కొందరిని కలకత్తా తీసుకెళ్తే చూడటానికి జనం ఎగబడ్డారు. మా తమ్ముడి పీడీఎఫ్‌లో మొదటి రోజు మొదటి పేరు కార్బిన్స్ కోవ్, ఆయన పేరే. కొబ్బరిచెట్ల కింద నీడ, నెలవంకలా తిరిగిన ఒడ్డు, లోతు తక్కువ, పిల్లలు భయం లేకుండా ఆడుకోవచ్చు. రెండుసార్లూ నాకు అక్కడ హాయిగా అనిపించింది. పేరు వెనకున్న మనిషి తెలిశాక కూడా హాయిగానే ఉంది, ఆ సముద్రం చేసిన తప్పేం లేదు. కానీ రాస్ ఐలాండ్‌లో గైడ్ మాకు బేకరీ చూపించాడు, చర్చి చూపించాడు, బాల్‌రూమ్ చూపించాడు, గోడల్ని కౌగిలించుకున్న మర్రి వేళ్ళు చూపించాడు. ఆ వేళ్ళు నిజంగానే కళ్ళు తిప్పుకోలేనంత అందంగా ఉంటాయి. హోమ్ గురించి ఒక్క మాట చెప్పలేదు. ఆ దీవి పేరు 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది, హేవలాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. దొరల పేర్లు తీసెయ్యడం నాకు సంతోషమే. దొరలకన్నా ముందున్నవాళ్ళు ఆ దీవుల్ని ఏమని పిలిచేవాళ్ళో కూడా ఒక బోర్డు మీద రాస్తే ఇంకా సంతోషం.

హోమ్ తర్వాత ఏమైందో అంకెలే చెబుతాయి. బ్రిటిష్ వాళ్ళు వచ్చేనాటికి గ్రేట్ అండమానీ తెగలన్నీ కలిపి దాదాపు ఐదువేల మంది ఉండి ఉంటారని అంచనా. సిఫిలిస్ వచ్చింది, 1877లో తట్టు వచ్చింది. 1901 జనాభా లెక్కల్లో 625. 1931లో 90. 1961లో 19. వాళ్ళ భాషల్లో ఒకటైన 'బో' భాషని చివరిగా మాట్లాడిన బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయారు. అంతకు ఏడాది ముందు అదే జనవరి నెలలో నేను ఆ దీవుల్లో ఉన్నాను, అలాంటి ఒక మనిషి ఉన్నారన్న సంగతే తెలియకుండా.

మరి మ్యూజియం వైపు ఎందుకు మాట్లాడుతున్నానంటే, రెంటికీ ఒక పెద్ద తేడా ఉంది. అద్దం అవతల ఉన్న బెరడు పట్టీకి నా దగ్గు అంటుకోదు. నేను ఎంతసేపు చూసినా దానికి ఇబ్బంది లేదు. తప్పుగా అర్థం చేసుకుంటే మళ్ళీ వెళ్ళి సరిగ్గా చదువుకోవచ్చు. రోడ్డు మీద నిలబడ్డ ఆవిడకి ఈ మూడూ లేవు. 1997 చివర్లో జారవాలు వాళ్ళంతట వాళ్ళు అడవి బయటికి రావడం మొదలైంది. 1999లో వాళ్ళలో తట్టు వచ్చింది. ఇవాళ్టికీ వాళ్ళంతా కలిసి కొన్ని వందల మంది, మా అపార్ట్‌మెంట్లో ఉన్నంతమంది కూడా లేరు.

"రోడ్డు మూసీమంటే ఎలాగమ్మా?"

మ్యూజియం నుంచి మమ్మల్ని వెనక్కి తీసుకొచ్చిన ఆటో అబ్బాయి మా మాటలు విని "ఏ ఊరమ్మా మీది" అన్నాడు. వాళ్ళ నాన్న సోంపేట వైపు నుంచి ఓడెక్కి వచ్చాడట, చేపల వేటకి. అండమాన్ జనాభాలో తెలుగువాళ్ళు వందకి పదమూడు మంది దాకా ఉన్నారు, ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరు ఇలా పలకరిస్తారు. అమ్మకి ఊరి మాట వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. నేను జారవాల రోడ్డు గురించి ఎత్తాను. సుప్రీంకోర్టు 2002లోనే అడవి గుండా వెళ్ళే భాగం మూసెయ్యమంది కదా, మూసేస్తే పోయేది కదా అన్నాను.

"రోడ్డు మూసీమంటే ఎలాగమ్మా? మా సెల్లి డిగ్లీపూర్లో ఉంది. దానికి నొప్పులొస్తే ఆ రోడ్డు మీదే పంత్ ఆస్పత్రికి తెచ్చినాం. కూరగాయలు అట్నుంచే రావాల. మీరు నాలుగు రోజులుండి ఎల్లిపోతారు" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్లలో ఉన్నవాళ్ళలో చాలామంది తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులుగా వచ్చి, సర్కారు ఇచ్చిన అడవి కొట్టుకుని పొలాలు చేసుకున్నవాళ్ళు. వాళ్ళకి ఆ రోడ్డు సరదా కాదు. రోడ్డు ఉండాలా వద్దా అన్నది విశాఖపట్నంలో కూర్చుని నేను తేల్చేది కాదు. కాసేపాగి అతనే అన్నాడు, "టూరిస్టు బళ్ళు ఆపితే మాకేటి నష్టం నేదు. ఆ కాన్వాయ్‌లో సగం అయ్యే."

నా వాదనంతా అంతవరకే. నొప్పులు పడుతున్న ఆడమనిషికి ఆ రోడ్డు కావాలి. నాకూ మా తమ్ముడికీ అక్కర్లేదు.

గుహల కోసమే వెళ్తున్నామని అనుకుందాం. అలాగైతే సున్నపురాతి గుహలు చూడటానికి మనకి అరకు దారిలో బొర్రా ఉంది, అంతకన్నా ఎంతో పెద్దది. బారాటాంగ్ గుహలే చూసి తీరాలంటే 2017లో సముద్రం మీదుగా పడవ దారి కూడా తెరిచారు, సరిగ్గా ఈ కారణానికే. అయినా ప్యాకేజీల్లో తెల్లవారుజాము వ్యానే ఉంటోందంటే, "దారిలో జారవా అడవి" అన్న ఆ చిన్న అక్షరాలకి గిరాకీ ఉండబట్టే. మా డ్రైవర్ కుడివైపు చూడమన్నది గుహల కోసం కాదు.

"వాళ్ళే రోడ్డు మీదికి వస్తున్నారు కదా" అని మా ఆయన అంటారు. ఇది ఆలోచించాల్సిన మాట. వాళ్ళేం బొమ్మలు కాదు. కావాలనుకుంటే ఆస్పత్రికి వస్తారు, అక్కర్లేదనుకుంటే వెళ్ళిపోతారు. అడవిలోనే ఉంచెయ్యాలని శాసించడం కూడా ఒక రకం పెత్తనమే. నేను దానికి ఒప్పుకుంటాను. కానీ రోడ్డు వాళ్ళ అడవిలోంచి వేశాక, ఆ రోడ్డు మీదికి రావడాన్ని పిలుపుగా ఎలా తీసుకుంటాం? అది వాళ్ళ ఇంటి నడవ. ఆ రోడ్డు వేస్తున్న రోజుల్లో పనివాళ్ళ మీద బాణాలు వేసి వద్దని చెప్పారు కూడా.

"అరకులో థింసా చూసి డబ్బులివ్వడం లేదా" అని ఇంకొకరు అడిగారు. అరకులో ఆడేవాళ్ళు ఎంతకి ఆడాలో మాట్లాడుకుంటారు, ఒంట్లో బాగోలేకపోతే రామంటారు, మర్నాడు సంతలో మనకే కాయగూరలు అమ్ముతారు. అక్కడా సరిగ్గా లేనివి చాలా ఉన్నాయి, కానీ కాదనే అవకాశం ఉంది. 2012లో ఒక వీడియో బయటికొచ్చి దేశమంతా గగ్గోలైంది గుర్తుందా? తిండి కోసం జారవా ఆడవాళ్ళ చేత ఒకడు డాన్స్ చేయించడం అందులో ఉంది. ఆ ఏడాదే చట్టం సవరించి ఏడేళ్ళ దాకా జైలు పెట్టారు. 2013లో కొన్ని వారాలు ఆ దారిలో టూరిస్టుల్ని పూర్తిగా ఆపింది సుప్రీంకోర్టు. మళ్ళీ మొదలైంది. ఆ వీడియో చూసిన రోజు నేను టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయాను. అందరూ తిడుతున్న ఆ మనిషికీ నాకూ మధ్య దూరం ఒక బిస్కెట్ ప్యాకెట్ అంత.

ఇప్పుడు అక్కడ రూల్స్ గట్టిగా అమలవుతున్నాయి, ఎవరూ ఏమీ విసరరు అంటారు. మంచిదే. విసరకపోయినా కుడివైపు కిటికీకి మొహం ఆనించి కూర్చోవడం ఎక్కడికి పోతుంది? మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై దాటాయి. ఆ ట్రిప్‌లో వాడికి గుర్తున్నవి రెండు: నీల్ దీవిలో పోటు తగ్గినప్పుడు రాళ్ళ మధ్య గుంటలో చూసిన నీలం చేప, "అమ్మ వాళ్ళకి బిస్కెట్లిచ్చింది" అన్నది. గొప్పగా చెప్పేవాడు స్నేహితులకి. ఇచ్చింది కాదురా, విసిరించింది అని ఈమధ్యనే చెప్పాను.

తమ్ముడికి పంపిన మార్పులు

జైలు కన్నా ముందు మ్యూజియం చూడమన్నాను. వాన కోసం ఆగొద్దు, దిగిన రోజే, మనసు ఖాళీగా ఉన్నప్పుడే. ఆ తర్వాత జెట్టీ దగ్గర స్తంభం, అప్పుడు జైలు. ఈ వరుసలో చూస్తే జైలు బరువు తగ్గదు. సంకెళ్ళున్నవాళ్ళని అండమానీయులు వదిలేశారన్న సంగతి తెలిసి ఆ గదిలోకి వెళ్తే ఇంకా ఎక్కువ తెలుస్తుంది. రాస్ ఐలాండ్‌లో మర్రి వేళ్ళ దగ్గర ఎంతసేపైనా ఉండండి, గైడ్‌ని మాత్రం అండమాన్ హోమ్ గురించి అడగండి. నలుగురు అడిగితే ఐదోవాళ్ళకి తనే చెబుతాడు.

"మూడో రోజు ఖాళీ పెడితే మీ మరదలు ఒప్పుకోదక్కా, డబ్బులు కట్టేశాం" అన్నాడు. ఖాళీ ఎందుకు, పొద్దున చాథమ్ రంపపు మిల్లు చూడండి, 1883 నాటిది, పడౌక్ దుంగని కోస్తుంటే లోపలి ఎరుపు బయటపడటం పిల్లలకి నచ్చుతుంది. మధ్యాహ్నం, పొద్దుగూకడం చూడటానికి చిడియా టాపు ఒడ్డుకి వెళ్ళండి. మూడింటికల్లా బయల్దేరమని మరీ మరీ రాశాను. డిసెంబర్లో అక్కడ ఐదింటికే పొద్దుగూకుతుంది.